చెన్నయ్య చివరి మాట

వాడలో ఎవరు కన్నుమూసినా మొదటి కబురు పాస్టరు సాల్మన్‌కు పోయేది, ఆ వెంటనే ఏసోబుకు. పెట్టె చేసేవాళ్ళు పెట్టె దగ్గర, బొంద తవ్వేవాళ్ళు బొంద దగ్గర ఉంటే, ఏసోబు శవం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని పోయినవాళ్ళ చరిత్ర రాసేవాడు. ఎక్కడ పుట్టారు, ఎవరిని చేసుకున్నారు, ఏం కష్టపడ్డారు, ఎప్పుడు ప్రభువు దగ్గరికి వచ్చారు, పోయేముందు ఏమన్నారు. అంతా ఒక్క కాయితం. బొంద దగ్గర పాస్టరు ఆ కాయితాన్ని పైకి చదివితే తప్ప మట్టి వేసేవాళ్ళు కారు. పీనుగను చూసి ఏడవనివాళ్ళు కూడా ఆ కాయితం వింటూ ఏడ్చేవాళ్ళు. చదివాక కాయితం ఇంటివాళ్ళకే ఇచ్చేవాళ్ళు.

ఏసోబు చదివింది మూడో తరగతి. ఆ తర్వాత బడి వదిలి పశువుల వెంట పోయాడు. చదవడం మాత్రం వదల్లేదు. చర్చిలో పెద్దక్షరాల గ్రంథం ముందు కూర్చుని, ఒక్కో అక్షరాన్ని వేలికింద పేనును నొక్కినట్టు నొక్కి చదివేవాడు. అట్లా చదివి చదివి ఆయనకొక నమ్మకం కుదిరింది. పైన కూడా మనిషి మనిషికీ చరిత్ర రాస్తున్నారు. చివరి దినాన ఆ పుస్తకం విప్పుతారు. కింద తాను రాసిందీ పైన రాసిందీ ఒకటి కావాలి. ఒక్క ముక్క తేడా వచ్చినా చచ్చినవాణ్ణి అడగరు, రాసినవాణ్ణి నిలబెట్టి అడుగుతారు.

అందుకే కంటితో చూసింది, చెవితో విన్నది తప్ప ఆయన రాయడు. నోటి మాటా అంతే, కొలిచి పోసినట్టు. భార్య రూతమ్మ బతికున్నప్పుడు, "మా ఆయన నాలుగు మాటలు మాట్లాడాల్నంటే వాడల ఎవలో ఒకరు సావాలె" అని నవ్వేది.

నిజమే రాస్తాడన్న పేరు మంచిదే. దాని కాటు మాత్రం తిన్నవాళ్ళకే తెలుసు. వాడలోని భిక్షం ఆ కాటు తిన్నాడు. భిక్షం తల్లి గుర్వమ్మ నడుము వంగిపోయేదాకా చర్చి ఊడ్చిన మనిషి. పోయే ఏడాది మనవరాలు సుస్మితకు జ్వరం తగ్గకపోతే, ఎవరికీ చెప్పకుండా గుట్ట కింది మైసమ్మకు కోడిని కోసింది. ఎవరికీ చెప్పకపోయినా అందరికీ తెలిసింది. ఆమె చచ్చిపోయిన రోజు ఏసోబు కాయితం మీద ఆ కోడి కూడా ఎక్కింది.

"మామా, గా కోడి ముచ్చట తీసెయ్యి. నీ కాళ్ళు మొక్కుత," అన్నాడు భిక్షం, తల్లి శవం ముందే.

"కోసిందా, లేదా?"

"కోసింది."

"మరింకేంది."

"పిల్ల పాణం మీదికొస్తె కోసింది మామా."

"గదీ రాసిన."

రాశాడు నిజంగానే. సాల్మన్ చదివాడు. అంత్యదినాలలో మనవరాలి ప్రాణం కోసం ప్రభువును విడిచి అన్య దేవత గడప తొక్కెను అని చదువుతుంటే, బొంద చుట్టూ నిలబడ్డవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక ఎవడో "కూర మాకు పంపలే ముసల్ది" అన్నాడు. భిక్షం మట్టి వేసి, చేతులు కడుక్కోకుండానే ఇంటికి పోయాడు. మళ్ళీ చర్చి మెట్టెక్కలేదు. ఏసోబుకు ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది. పైన రాసిందీ కింద రాసిందీ ఒకటే కదా.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఆ వాడలో మనిషికి రెండు పేర్లు. చర్చిలో ఏసోబు, రేషను కార్డులో మల్లయ్య. చర్చిలో రూతమ్మ, ఓటరు కార్డులో జంగమ్మ. ప్రభువును నమ్ముకున్నామని కాయితం మీద ఒప్పుకుంటే షెడ్యూల్డు కులం కింద వచ్చేవేవీ రావు. సర్టిఫికెట్టు మారిపోతుంది, పిల్లల సీటు పోతుంది, నౌకరీ పోతుంది. దేవుడికి ఒక పేరు, సర్కారుకు ఒక పేరు. రెండు పేర్లనూ ఒకే కాయితం మీద రాయకూడదన్నది వాడలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఒకరి గుట్టు ఒకరి దగ్గర ఉన్నది గనుక ఎవరూ నోరు విప్పరు.

ఏసోబు రాశాడు. అదీ అచ్చులో.

రూతమ్మ పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళకు భోజనంతో పాటు ఏదైనా ఇవ్వాలి కదా అని, తాను రాసిన భార్య చరిత్రను దేవరకొండలో అచ్చు వేయించాడు. అంతమంది చరిత్రలు రాసినా ఆయన అక్షరం ఎన్నడూ అచ్చు మొఖం చూడలేదు. బతికుండగా ఒక్కసారి చూడాలనిపించింది. ముసలివాడి కోరిక. అచ్చు కాయితాలు చేతికి వచ్చిన రోజు, వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని బస్టాండులోనే చాలాసేపు కూర్చున్నాడు.

అందులో చివరి ముక్క ఇది: 'ఆమె ఏకైక కుమార్తె మెర్సీ, బడిలో శ్రీదేవి, తల్లితో పాటు అదే దినమున అదే వాగులో బాప్తిస్మము పొంది, నేడు సర్కారు హాస్టలులో వార్డెనుగా ఉండి ప్రభువుకు సాక్షిగా నడుచుచున్నది.'

ఎన్నడూ అబద్ధం రాయనివాడు, బిడ్డను చూసుకుని మురిసిపోయేవాడు, ఇద్దరూ ఒక్కడే అయితే తప్ప ఆ ముక్క పుట్టదు. మెర్సీ ఆ రోజు వంటల దగ్గర, వడ్డనల దగ్గర తిరిగిందే గానీ కాయితం చదవలేదు. చదివింది భిక్షం. పిలవకపోయినా వచ్చి, బంతిలో కూర్చుని కడుపునిండా తిని, కాయితం మడిచి జేబులో పెట్టుకుపోయాడు. ఆ వార్డెను పోస్టు ఎంపిక జాబితాలో మెర్సీ తర్వాతి పేరు భిక్షం బిడ్డ సుస్మితదే. మెర్సీ తప్పుకుంటే సుస్మితకు వస్తుందని ఎవరో చెప్పారు. కలెక్టరు ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు.

నోటీసు అందిన రోజే మెర్సీ హుజూర్‌నగర్ దిక్కు నుంచి బస్సెక్కి వచ్చింది. మొగుడు ఇంకో ఇల్లు చూసుకుని పోయిన తర్వాత ఇద్దరు పిల్లలనూ తండ్రినీ ఆ జీతంతోనే సాకుతున్నది. చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి, నోటీసుతో వచ్చిన అచ్చు కాయితం తండ్రి మొఖం మీద పెట్టింది.

"ఏం రాసినవ్ బాపూ ఇది?"

"మీ అమ్మ చరిత్ర."

"అమ్మ చరిత్రల నా నౌకరెందుకు? రెండు పేర్లు ఒక్కకాడ పెడ్తవా? గీ వాడల పిచ్చోడు గూడ పెట్టడు గద!"

"నిజమే రాసిన."

"నిజం! నిజం నీ కండ్ల ఆపరేషన్ చేయించిందా? నా పిల్లల ఫీజు కట్టిందా? నౌకరి పోవుడే గాదు బాపూ, తిన్న జీతం కక్కిస్తరట. కేసు పెట్టి లోపలేస్తరట. గప్పుడు నా పిల్లల్ని నీ పాస్టరు సాదుతడా?"

ఏసోబు కాయితం తీసుకుని, వేలు పెట్టి ఆ ముక్కను మళ్ళీ చదువుకున్నాడు. ఒక్క అక్షరం కూడా తప్పు కనిపించలేదు. అందుకే ఆయనకు భయం వేసింది.

పాస్టరు సాల్మన్‌ను అడిగితే, "బాప్తిస్మం రిజిస్టరు ఎలుకలు కొట్టినయ్. ఎలుకలు గూడ దేవుని సృష్టే గద," అన్నాడు. ఆ దినాల్లో ఆయనకు దూరపు ఊళ్ళ ప్రార్థన కూడికలు ఎక్కువయ్యాయి, ఊళ్ళో దొరకలేదు. ఉపాయం చెప్పింది దేవరకొండ వకీలు వీరేశం. కాయితం చదివి, ముసలివాణ్ణి పైనుంచి కిందికి చూసి నవ్వాడు.

"పెద్దమనిషీ, నీ చేతి రాత నీ బిడ్డ మెడకు ఉరి. తీసెటోనివీ నువ్వే. గిది నిజం కాదు, పుట్టించి రాసిన అని సారు ముందర చెప్పాలె."

"గిదొక్కటా?" అన్నది మెర్సీ.

"ఒక్కటంటే ఎవ్వడు నమ్ముతడమ్మా? అందరియి నిజం రాసి పెండ్లాంది ఒక్కటే అబద్ధం రాస్తడా? ఇంకోటి గూడ ఉన్నది. మరి నీ బిడ్డ గూడ గదే నీళ్ళల్ల మునిగింది గదయ్యా అని నేను భిక్షాన్ని అడిగిన. వాడేమన్నడో తెలుసా? మేము మైసమ్మకు కోడిని కోసెటోళ్ళం, హిందువులం, రాసింది ఏసోబు మామనే అని మీ నాయిన రాసిన కాయితమే చూపెట్టిండు. జూసినవా? నిన్ను ముంచేది నీ బాపు రాతనే, వాన్ని తేల్చేది నీ బాపు రాతనే. అందుకే అన్నీ పుట్టించినవే అనాలె. చచ్చినోళ్ళ కాడ వినసొంపుగ అల్లి చదువుడు మా వాడల రివాజు అనాలె. ఒక్కటి మిగిలినా నీ కేసు మిగలదు."

ఏసోబు తల ఊపలేదు, అడ్డంగా తిప్పలేదు. మెర్సీ ఆయన బదులు ఊపింది.

విచారణకు ముందు ఇల్లు సర్దింది మెర్సీ. గోడ మీది బైబిలు వాక్యాల పలకలు దించి వెంకన్న పటం పెట్టింది. గడపకు పసుపు రాసింది. తన నుదుట బొట్టు పెట్టుకుని, అద్దంలో ఎవరినో చూసినట్టు చూసుకుంది. తెల్లవారుతుండగా గడ్డపార తీసుకుని బయలుదేరితే ఏసోబు వెనకే నడిచాడు. రూతమ్మ సమాధి మీది సిమెంటు సిలువ దగ్గరికి పోయి ఆమె ఆగింది.

"సార్లు బొందలు గూడ జూస్తరట. నువ్వు ఇంటికి పో బాపూ."

"మీ అమ్మ," అన్నాడు ఏసోబు.

"అమ్మ సచ్చింది. నా పిల్లలు ఇంక సావలే." ఆ మాటతోనే మొదటి పోటు వేసింది. సిలువ గట్టిది. కట్టించినప్పుడు సిమెంటు తక్కువ కావద్దని మేస్త్రీ పక్కన నిలబడి చూసుకున్నది మెర్సీనే. చెమటలు కారేదాకా పొడిచి, ముక్కలను గోనెసంచిలో వేసి పాడుబడ్డ బావిలో పారేసింది. ఏసోబు సంచి ఒక కొస పట్టుకున్నాడు.

ఇక జానమ్మ సంగతి. జానమ్మ, చెన్నయ్య పెండ్లాం. చెన్నయ్య కంకర క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. పగలు రాళ్ళను, రాత్రి పెండ్లాన్ని. తాగివచ్చి కొట్టడం ఆ ఇంట్లో పొయ్యి ముట్టించినంత మామూలు. ఆమె ఎడమ చెవి వినిపించకుండా పోయింది ఆ చేతి దెబ్బకే. అట్లాంటి చెన్నయ్య లివరు చెడి దవాఖానలో పడ్డాడు. పోయే రోజు జానమ్మ మందుల కోసం కిందికి దిగినప్పుడు, మంచం దగ్గర ఏసోబు ఒక్కడే ఉన్నాడు. చెన్నయ్య కళ్ళు తెరిచి, "జానకు చెప్పు బావా, దాన్ని కొట్టిన చెయ్యిని నాతోని బొంద పెట్టొద్దు, కుక్కలకెయ్యమను," అన్నాడు. జానమ్మ మెట్లెక్కి వచ్చేసరికి అయిపోయింది.

ఏసోబు విన్నది విన్నట్టు రాశాడు. బొంద దగ్గర చదివినప్పుడు జనం నమ్మలేదు. "చెన్నిగాడు గింత మాటంటడా? ఏసోబు కలిపిండు" అన్నారు. జానమ్మ నమ్మింది. "మా అన్న అబద్ధం రాయడు" అన్నది. పెట్టె మూత తీయించి, ఆ కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చుట్టూ ఉన్నవాళ్ళు వద్దు వద్దంటున్నా ఎంతసేపటికీ విడవలేదు. బతికినన్నాళ్ళూ మొగుణ్ణి శాపనార్థాలు పెట్టిన నోరు ఆ రోజు నుంచి మళ్ళీ తిట్టలేదు. ఆమెకు చదువు రాదు. ఆదివారం కూడిక అయిపోయాక చర్చి గోడ పక్కన ఏసోబు ముందు కాయితం విప్పి, "అన్నా, గా ముక్క ఒక్కసారి" అనేది. ఏసోబు వేలు పెట్టి చదివేవాడు. ఆమె వినిపించే చెవిని ఇటు తిప్పి వినేది. లేచిపోయేటప్పుడు ఆమె నడకే వేరుగా ఉండేది. రాసేవాడికి అంతకంటే కూలి ఏం కావాలి?

విచారణ పంచాయతీ ఆఫీసులో పెట్టారు. వాడంతా వచ్చి బయట నిలబడ్డది. లోపల కుర్చీలో విచారణ చేసే సారు, ఎదురుగా బల్ల మీద ఏసోబు రాసిన కాయితాలు. ఒక పక్క బొట్టు పెట్టుకున్న మెర్సీ, వకీలు వీరేశం. ఇంకో పక్క భిక్షం, సుస్మిత.

"మల్లయ్య అంటే నువ్వేనా?" అన్నాడు సారు.

"నేనే."

"ఏసోబు ఎవరు?"

"పిలుపు పేరు సారూ," అన్నాడు వీరేశం అడ్డం వచ్చి.

"ఈ కాయితం నువ్వే రాశావా?"

"రాసిన."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

ఏసోబు కాయితం వైపు చూశాడు. అచ్చు అక్షరాలు నల్లగా, వరసగా, వడ్ల గింజల్లాగా ఉన్నాయి. మెర్సీ తన కొంగు కొసను వేలికి చుట్టుకుంటున్నది, విప్పుతున్నది, మళ్ళీ చుట్టుకుంటున్నది. చిన్నప్పుడు వాగులో దిగేముందు కూడా అట్లాగే చుట్టుకుంది.

"కాదు," అన్నాడు.

"మరి?"

"పుట్టించిన."

"ఎందుకు?"

"చచ్చినోళ్ళ కాడ గట్లనే రాస్తం. వినెటోళ్ళకు మంచిగుండాలని." వకీలు నేర్పిన మాటలు నేర్పినట్టే వచ్చాయి. ఇంత తేలికా అనిపించింది ఆయనకు.

"ఇదొక్కటేనా, అన్నీనా?"

"అన్నీ."

బయట గుసగుస లేచింది. భిక్షం ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"సారూ, ఏసోబు మామ నోట్లకెల్లి గాని కలంలకెల్లి గాని అబద్ధం రాదు. వాడంత అడుగుండ్రి. మా అమ్మ శవం మీద గూడ నిజమే రాసిండు. ఇయ్యాల బిడ్డ కోసం అబద్ధమాడుతుండు. సాక్షి ఉన్నది." గుమ్మం వైపు తిరిగి పిలిచాడు. "జానమ్మత్తా, రా. మీ అన్న అబద్ధాలు రాస్తడంటుండ్రు. సారుకు చెప్పు."

ఎవరి మీదనో నింద పడిందని మాత్రమే అర్థమైంది జానమ్మకు. కోపంగా లోపలికి వచ్చింది. కొంగులో నుంచి కాయితం తీసి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర నలిగి, చెమటకు పసుపు పచ్చబడింది.

"దండం సారూ. ఎవలన్నరు మా అన్న అబద్ధం రాస్తడని? ఆని నాలుక పడిపోను. నా మొగుడు పోంగ ఏమన్నడో చూడుండ్రి. నాకు చదువు రాదు గాని నోటికొస్తది." నిటారుగా నిలబడి, పిల్లలు బడిలో అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. జానకు చెప్పు బావా, దాన్ని కొట్టిన చెయ్యిని నాతోని బొంద పెట్టొద్దు, కుక్కలకెయ్యమను. అప్పజెప్పి, ఏసోబు వైపు చూసి నవ్వింది. ఇంక నీకేం ఫికర్ లేదన్నట్టు.

సారు కాయితం ఆ మాట దగ్గర పట్టి చూశాడు. ఏసోబు వైపు తిరిగాడు.

"పెద్దాయనా, ఇది?"

వీరేశం గొంతు సవరించుకున్నాడు. మెర్సీ వేలికి చుట్టిన కొంగు అట్లాగే బిగిసి ఉంది, వేలి కొస తెల్లబడింది. పైన విప్పే పుస్తకం ఏసోబుకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. వస్తే బాగుండేదేమో. ఆయనకు కనిపించింది ఆ తెల్లబడ్డ వేలే.

"అదీ పుట్టించిందే."

జానమ్మ నవ్వు మొఖం మీద అట్లాగే ఉండిపోయింది. "మజాకు చేస్తున్నవా అన్నా?" అన్నది. ఎవరూ నవ్వకపోయేసరికి, వినిపించే చెవిని ఆయన వైపు తిప్పింది. "ఏమన్నవ్? నాకు సరిగ వినరాలే."

"ఆ మాట నీ భర్త అనలేదమ్మా. ఈయన కల్పించి రాశాడు," అని సారే గట్టిగా చెప్పాడు.

ఆమె బల్ల మీది కాయితం కూడా తీసుకోలేదు. వచ్చినంత వేగంగా కాకుండా, గోడ పట్టుకుని బయటికి పోయింది. గుమ్మం దగ్గర ఎవడో అన్నాడు, "నేనప్పుడే అనలే? చెన్నిగాడు గింత మాటంటడా?"

సారు ఏదో రాసుకున్నాడు. కల్పించి చదివే రాతలను ఆధారంగా తీసుకోలేనని, ఫిర్యాదు కొట్టివేస్తున్నానని చెప్పాడు. లేచేటప్పుడు చెన్నయ్య కాయితాన్ని మళ్ళీ ఒకసారి చూసి, ఏసోబు భుజం తట్టాడు.

"చెయ్యిని కుక్కలకెయ్యమనడం. ఎట్లా తోచిందయ్యా నీకు? చాలా గొప్పగా పుట్టించావు. చదువుకుని ఉంటే పెద్ద రచయితవయ్యేవాడివి."

అన్నేళ్ళ రాతలో చదువుకున్నవాడు ఏసోబును మెచ్చుకున్నది అదొక్కసారే.

బయట భిక్షం ఎదురు వచ్చాడు. ఓడినవాడి మొఖం కాదు.

"మామా, అన్నీ పుట్టించినవే అంటివి. మా అమ్మ కోడి గూడ పుట్టించిందే గద? వాడంత విన్నది. గంతే సాలు నాకు." బీడీ ముట్టించుకుని పొగ వదిలాడు. "కేసు ముచ్చటంటవా, పైకి అప్పీలుకు పోత. జానమ్మత్తను మళ్ళ పిలిపిస్త. గప్పుడు గూడ నువ్వు గిదే మాట మీదుండాలె. మరిచిపోకు."

మధ్యాహ్నం జానమ్మ వచ్చింది. ఏసోబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల మెర్సీ వంట చేస్తున్నది, తలుపు వారగా తెరిచి ఉంది. జానమ్మ అరుగు కింద నేల మీద కూర్చుంది.

"అన్నా," అన్నది. "బిడ్డ కోసం అన్నవని నాకెర్క. నీకు బిడ్డ ఉన్నది, నాకు లేదు. నేను తప్పు పడ్త లేను."

ఏసోబు వారగా ఉన్న తలుపు వైపు చూశాడు.

"గిప్పుడు ఎవ్వలు లేరు. సారు లేడు, వకీలు లేడు. నా ఒక్కదానికి చెప్పు. గా మాట అన్నడా, అనలేదా? నేను ఎవ్వలకు చెప్ప. ప్రభువు మీద ఒట్టు."

కావాలని చెప్పదు. ఆ సంగతి ఏసోబుకు తెలుసు. కానీ జానమ్మ కడుపులో మాట జల్లెడలో నీళ్ళని కూడా తెలుసు. ఆ మాట దొరికితే ఆమె నడకే మారిపోతుంది, మొఖమే చెబుతుంది. సాయంత్రానికి నీళ్ళ బోరింగు దగ్గర చెబుతుంది, పొద్దు పోయేసరికి భిక్షం చెవికి చేరుతుంది. రేపు అప్పీలులో నిలబెడితే, ప్రభువు సాక్షిగా అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు. తానే నేర్పాడు అట్లా. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మెర్సీ వింటున్నది.

"అనలే, చెల్లె," అన్నాడు.

జానమ్మ తల ఊపింది. వినిపించే చెవి వైపే అన్నాడు గనుక మళ్ళీ అడగలేదు.

"మరేమన్నడు? ఏదో ఒకటి అని ఉంటడు గద. నేను మందుల కోసం పోయిన. నువ్వే ఉంటివి. ఊకెనే పోయిండా?"

ఏసోబు చూపు ఆమె మొఖం మీద నిలబడలేదు. ఆ మొఖం ఖాళీగా, తుడిచిన పలక లాగా ఉంది. ఏదో ఒకటి పెట్టకుండా ఆమెను పంపడం ఆయన వల్ల కాలేదు.

"నీళ్ళడిగిండు."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"తాగిండా?"

"రెండు గుక్కలు తాగిండు."

చెన్నయ్య నీళ్ళడగలేదు. ఎవరూ ఇవ్వలేదు. ఆ మంచం దగ్గర నీళ్ళ సీసా కూడా లేదు. ఏసోబు బతుకులో నిజంగా పుట్టించిన ముచ్చట అదొక్కటే. ఎంత చక్కగా వచ్చిందంటే, ఆ రెండు గుక్కలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో ఆయనకే తెలియలేదు.

జానమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. పోబోయి, ఆగి, తిరిగి చూసింది.

"గీ నీళ్ళ ముచ్చటన్న నిజమేనా అన్నా?"

"నిజమే."

"పోనీ. దూపతోని పోలే. గంతే సాలు." కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఎండలో వాళ్ళ ఇంటి దిక్కు పోయింది. చెన్నయ్యను బొంద పెట్టిన తర్వాత మొదటిసారి ఆమె నోట్లో నుంచి ఒక బూతు మాట వినిపించింది. మొగుడినే తిట్టుకుంటూ పోతున్నది. నీళ్ళు తాగినందుకు కాదు, తాగి కూడా ఒక్క మాట అనకుండా పోయినందుకు.

మెర్సీ తలుపు పూర్తిగా తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొయ్యి పొగకే కావచ్చు.

"మంచిగ చెప్పినవ్ బాపూ," అన్నది. "అన్నం పెట్టిన, రా."

ఏసోబు లేచి చేతులు కడుక్కున్నాడు. పీట మీద కూర్చున్నాడు. తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం ఆయనకు అలవాటు. ఆ రోజు కళ్ళు మూసుకోలేదు. పప్పు కలుపుకుని, పెట్టినంతా తిన్నాడు. మళ్ళీ వడ్డిస్తే మళ్ళీ తిన్నాడు.